కవరు తీయని సాక్ష్యం

కృష్ణా డెల్టా చరిత్ర రాసినవారందరూ ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి, కాలువల వెంబడి నడిచి, సినిమా హాళ్ళ దగ్గర కలం మూసేశారు. టీవీ రిమోటుకు పాలిథిన్ కవరు తొడగడం ఈ నేల మీద ఏనాడు మొదలైందన్న ప్రశ్నను మాత్రం ఒక్కరూ పట్టించుకోలేదు. ఇది క్షమించరాని లోపం. ఆనకట్ట నీళ్ళను ఆపింది, అంతే. కవరు కాలాన్నే ఆపింది. లోపల రిమోటు కొన్ననాటి నిగనిగతో అలాగే ఉంటుంది. పైన కవరు ఆవకాయ వేలిముద్రలతో, పసుపు మరకలతో ఆ ఇంటి కథంతా తన ఒంటి మీద రాసుకుంటుంది. కొన్నాళ్ళకు ఏ అంకె ఎక్కడుందో కనపడదు. అప్పుడు ఇంటిల్లిపాదీ తడిమి చానల్ మార్చడం నేర్చుకుంటారు. ఏదీ కనపడకుండా ఇంత నిబ్బరంగా బతకగలిగిన జాతి మరొకటి ఉన్నట్టు లేదు.

ఈ సంప్రదాయానికి మన కాలంలో మిగిలిన ఆచార్యుడు గవర్నర్‌పేటలో ఒక మేడ మీద వాటాలో ఉంటారు. పేరు వెంకటకృష్ణారావు గారు. కాలువల శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. కవరు జనానికి అలవాటు, ఆయనకు సిద్ధాంతం. "కంపెనీవాడు తెలివితక్కువ వాడై తొడిగాడా?" అన్నది ఆ సిద్ధాంతానికి మొదటి సూత్రం. రెండో సూత్రం లేదు.

ఆయన ఇంట్లో సోఫాకు పాలిథిన్ ఉంటుంది. వేసవిలో వచ్చిన చుట్టాలు లేచేటప్పుడు చర్రుమని శబ్దం వస్తుంది. వాళ్ళ వీపుల్లో కొంత భాగం అక్కడే ఉండిపోతుంది. రిటైరైన రోజు ఆఫీసువాళ్ళిచ్చిన గోడగడియారం ఇప్పటికీ డబ్బాలోనే ఉంది. ఏటా బ్యాటరీ మార్చి మళ్ళీ డబ్బాలో పెడతారు. రాత్రుళ్ళు బీరువా మీద నుంచి టిక్కుటిక్కుమని అది తన ఉనికిని చాటుకుంటుంది. కొత్త కళ్ళజోడు అద్దం మీద అంటించి వచ్చిన చిన్న స్టిక్కరును ఆయన తీయలేదు. ఎడమ కంట్లో ఓ మూల మసకగా ఉందని, శుక్లమేమోనని, ఆర్నెల్ల తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు గోటితో శస్త్రచికిత్స చేసి పంపించాడు.

ఆయన భార్య పద్మావతమ్మ గారు ఇవన్నీ నలభై ఏళ్ళుగా చూస్తున్నారు. ఆమె గురించి ఇంట్లో ఎవరూ ఎక్కువగా ఆలోచించలేదు. కాబట్టి ఇక్కడ కూడా తర్వాత చెప్పుకుందాం.

పన్నెండేళ్ళ కిందట వాళ్ళమ్మాయి సింధూరి పెళ్ళి జరిగింది. అల్లుడు సిద్ధార్థకు వెంకటకృష్ణారావు గారు మంచి చేతి గడియారం పెట్టారు. దాని అద్దం మీద కంపెనీ అతికించిన పలచని ప్లాస్టిక్ పొర ఉంది. "తీయకు బాబూ, గీతలు పడతాయి" అని అల్లుడికి ప్రత్యేకంగా చెప్పారు. ఆ పొర మధ్యలో గాలి బుడగ ఒకటి లేచి ముళ్ళను కప్పేసింది. పెళ్ళికొడుకు పీటల మీద కూర్చుని మణికట్టును అటూ ఇటూ వంచుతూ టైము కోసం వెతుక్కుంటున్నాడు.

అప్పుడు పెళ్ళికూతురి మేనమామ, అంటే పద్మావతమ్మ గారి తమ్ముడు వెంకటప్పయ్య, ఓ మాట అన్నాడట. "మా బావ అల్లుడికి వాచీ అయితే పెట్టాడు గానీ, టైము చూసుకోడానికి పర్మిషన్ పెట్టలేదర్రా!" అని. చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారట.

ఇది వెంకటకృష్ణారావు గారు చెవులారా విన్నది కాదు. పందిరి అవతలి నుంచి, జనం తలల సందులోంచి ఆయనకు కనపడిందల్లా మేళతాళాల హోరు మధ్య బావమరిది నోరు కదలడం, వీడియోవాడి లైటు సూటిగా ఆ మొహం మీద పడటం. మాటను మూడోరోజున ఒక దూరపు బంధువు మోసుకొచ్చాడు. ఆ తర్వాత ఆ బంధువు పోయాడు. కాబట్టి నేరం ఉంది, నేరస్థుడున్నాడు, సాక్షి మాత్రం లేడు.

"నేనా? అనలేదు. నా నోట్లో కిళ్ళీ ఉంది, మాట్టాడే వీలేదీ?" అన్నది వెంకటప్పయ్య వాదం. అతనికి గుణదలలో ఎరువుల కొట్టుంది. అబద్ధమాడాల్సిన అవసరం లేని మనిషి. అయినా ఆడతాడు, సరదాకి.

వెంకటకృష్ణారావు గారు తీర్పు చెప్పారు. అన్నవాడితో మాటల్లేవు. అంతేకాదు, అన్నవాడూ నవ్వినవాడూ ఒకటే. నవ్విన వరసలో కూర్చున్నారన్న అనుమానం మీద ఇద్దరు పెదనాన్న కొడుకుల్ని, ఒక తాలూకాఫీసు ఉద్యోగిని కూడా బహిష్కరించారు. పద్మావతమ్మ గారు తమ్ముణ్ణి వేరేవాళ్ళ పెళ్ళిళ్ళలో చూడవచ్చు, పలకరించవచ్చు. ఒకరి గడప ఒకరు మాత్రం తొక్కకూడదు. పన్నెండేళ్ళపాటు ఈ శాసనం అమల్లో ఉంది.

ఈ వైశాఖంలో వెంకటప్పయ్య కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం ఆదివారం తెల్లవారుజామున. కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఆడపడుచు. అతనికి ఉన్నది ఒక్క అక్క. పద్మావతమ్మ గారు ఓ ఇత్తడి గిన్నె కొని, తోమి, బియ్యం డ్రమ్ము వెనక పెట్టుకున్నారు. ఆకుపచ్చ పట్టుచీర దండెం మీద ఆరేశారు. రోజుకోసారి ఆ చీరను అటు నుంచి ఇటు తిప్పి వేస్తున్నారు.

చీర చూసి వెంకటకృష్ణారావు గారు షరతు ప్రకటించారు. "వాడు అన్నానని ఒప్పుకుని దండం పెడితే వెళ్ళు."

కబురు గుణదల వెళ్ళింది. గుణదల నుంచి తిరుగు కబురు వచ్చింది. "రుజువు చెయ్యమనండి. అక్కడికక్కడే పెడతా."

రుజువు అన్న మాట వినగానే వెంకటకృష్ణారావు గారి కళ్ళు బీరువా వైపు తిరిగాయి. అందులో, పట్టుబట్టల అడుగున, కలరా ఉండల మధ్య, పెళ్ళి సీడీ ఉంది. పన్నెండేళ్ళుగా సీలు తీయలేదు. తిరిగినకొద్దీ సీడీ అరుగుతుందని ఆయన నమ్మకం. ఆ లైటు పడ్డప్పటి మాట అందులో ఉండే తీరుతుంది.

బందరులో ఉన్న సింధూరికి ఫోన్ చేశారు. ఆమె దగ్గరున్న కాపీతో పిల్లలు ఎప్పుడో బొంగరం చేసుకున్నారు.

"అయినా అందులో ఏముంటుంది నాన్నా? ఎవరి పెళ్ళి సీడీలో అయినా సినిమా పాటలేగా వేస్తారు" అంది.

"పాటల కింద మాటలుంటాయమ్మా. చిన్న స్పీకర్లలో వినపడవు."

"నాన్నా..."

"నీళ్ళ మీద గుర్రపుడెక్క ఆకు కప్పేసినంత మాత్రాన కింద కాలువ లేదంటావా? ముప్పై నాలుగేళ్ళు చూశాను నేను."

అలా గుర్రపుడెక్కను తొలగించే పని మొదలైంది. ఇంట్లో టీవీ పలచటిది, గోడకు అతుక్కుని ఉంటుంది. దాని గొంతూ అంత పలచనే. అటక మీద సింధూరి ఇంజనీరింగు రోజులనాటి కంప్యూటరు స్పీకర్లున్నాయి: చెక్కపెట్టె లాంటి ఊఫరొకటి, పిల్ల స్పీకర్లు రెండు. వాటిని దింపించారు. పెళ్ళినాటి డీవీడీ ప్లేయరు దుమ్ము దులిపారు. ప్లేయరుతో పాటు వచ్చిన వైరు పిన్నులకు కంపెనీ తొడిగిన ప్లాస్టిక్ టోపీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. టోపీలతోనే వాటిని కన్నాల దగ్గర ఆనించి, జారిపోకుండా దెబ్బలకు వేసే ప్లాస్టరు అంటించి, స్విచ్చి వేశారు. ఫ్యాను శబ్దం స్పష్టంగా వినిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మెకానిక్ మరియదాసు వచ్చాడు. పక్క సందులో టీవీలు బాగుచేసే కొట్టు అతనిది. రేడియోల కాలం నుంచి ఈ ఇంటికి వస్తున్నాడు. ఏ వస్తువునైనా విప్పడానికి ముందు ఈ ఇంట్లో దాన్ని రెండుసార్లు విప్పాలని అతనికి తెలుసు. ముద్దాయి హోదాలో వెంకటప్పయ్య కూడా వచ్చి సోఫాలో కూర్చున్నాడు. బయట ఎండ నలభై మూడు. బావకూ బావమరిదికీ మాటల్లేవు కాబట్టి ఇద్దరి మాటలూ మరియదాసు మీదుగా నడిచాయి.

"మరియదాసూ, ఆయన్ని కాళ్ళు కిందపెట్టి కూర్చోమను. కవరు చిరిగిపోతుంది."

"మరియదాసూ, నేను లేద్దామన్నా ఈ కవరు వదలట్లేదని చెప్పు."

"మీరిద్దరూ మూడడుగుల్లో ఉన్నారండీ బాబూ!" అన్నాడు మరియదాసు, ప్లేయరు వెనక తల దూర్చి. "నేను వైర్లు చూసుకోవాలా, మీ కబుర్లు మోయాలా? ఇదేంటి సార్, ఈ ప్లాస్టరేంటి? దీనికేమన్నా దెబ్బ తగిలిందా?"

"జారిపోతోందని వేశాను."

"టోపీలు తీయకపోతే జారదా? చూడండి సార్. ఈ పసుపు పిన్ను బొమ్మది, టీవీకి పోద్ది. ఎరుపూ తెలుపూ శబ్దానివి. వాటిని టీవీకివ్వకుండా స్పీకర్లకిచ్చేద్దాం. బొమ్మ అక్కడ, శబ్దం ఇక్కడ. స్పీకర్లది ఒంటి పిన్ను కాబట్టి మధ్యలో వేసే ముక్క నేనే తెచ్చా. ఇక ఈ టోపీలు తీసేస్తే..."

"తీస్తే?"

"సౌండొస్తుంది."

"తర్వాత?"

"తర్వాతేముంది సార్? వస్తూనే ఉంటుంది."

"అది కాదయ్యా. తుప్పు పడుతుంది కదా. ఇది కృష్ణ గాలి. టోపీ మొనలో సూదితో చిన్న కన్నం పెడితే సరిపోదా?"

మరియదాసు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. సోఫాలోంచి వెంకటప్పయ్య గొంతు సవరించుకున్నాడు. "మరియదాసూ, నేనేమీ అనట్లేదని రాసుకో. మళ్ళీ పన్నెండేళ్ళు నావల్ల కాదు."

ఇంతలో వంటింట్లోంచి పద్మావతమ్మ గారు వచ్చారు. చేతులు కొంగుకు తుడుచుకుని నేల మీద గొంతుక్కూర్చున్నారు. ఎరుపు పిన్ను టోపీ పీకారు, తెలుపుది పీకారు, అడక్కపోయినా పసుపుది కూడా పీకారు. బఠానీ గింజల్లాంటి ఆ మూడింటినీ భర్త అరచేతిలో పెట్టి గుప్పిట మూశారు.

"ఎల్లుండి నాలుగున్నరకి ముహూర్తం. అయిపోయాక మళ్ళీ తొడుక్కుందురు గాని, జాగ్రత్తగా దాచుకోండి."

ఆయన వాటిని చొక్కా జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత కాసేపటి వరకూ జేబును తడిమి చూసుకుంటూనే ఉన్నారు.

మరియదాసు పిన్నులు గుచ్చి, స్విచ్చి వేసి, స్పీకర్ల ఒంటి పిన్ను మొనను పరీక్షకు వేలితో నొక్కి పట్టుకున్నాడు. ఊఫరు బుర్రుమంది. కిటికీ మీద పావురం ఎగిరిపోయింది. వెంకటకృష్ణారావు గారు ఆనందంతో కవరులోని రిమోటు తడిమి శబ్దం పెంచారు. టీవీ మీద అంకె అరవై దాకా పోయింది. శబ్దంలో మార్పు లేదు.

"ఇది నా మాట వినట్లేదేంటి?"

"ఇప్పుడు శబ్దం టీవీది కాదుగా సార్. ఊఫరు మీద గుండీ తిప్పాలి."

"అంటే, ప్రతిసారీ లేచెళ్ళి తిప్పాలా?"

"లేవాలి సార్. ఈ సోఫాలోంచి లేవగలిగితే."

ఇక సీలు. బ్లేడు తెచ్చి, పళ్ళెంలో పెట్టి, తువ్వాలు పరిచి, వెంకటకృష్ణారావు గారు స్వహస్తాలతో కోశారు. కలరా ఉండల వాసన గుప్పుమంది. సీడీ మీద సింధూరి, సిద్ధార్థల పేర్ల చుట్టూ గులాబీలు అచ్చువేసి ఉన్నాయి. తీసిన సీలును మడతపెట్టి బల్ల మీద పెట్టి, దాని మీద బరువుకు కళ్ళజోడు డబ్బా ఉంచారు. సీడీ లోపలికి వెళ్ళింది.

పాట మొదలైంది. ఏదో సినిమా పాట, సన్నాయి కలిపినది. తెర మీద అరటి చెట్లు, మామిడాకులు, తాళాలు వాయిస్తున్న చేతులు. వాయిస్తున్నది ఒకటి, వినిపిస్తున్నది ఇంకొకటి. పురోహితుడు నోరు తెరిచి మంత్రం చదువుతుంటే ఆయన నోట్లోంచి ఓ అమ్మాయి పాడుతోంది. వెంకటకృష్ణారావు గారు నేల మీద మోకరిల్లి ఊఫరుకు చెవి ఆనించారు. మరియదాసు గుండీని చివరి వరకూ తిప్పాడు. గోడ మీద క్యాలెండరు అదిరింది. కింద వాటావాళ్ళు పైకప్పును కర్రతో పొడిచారు.

పాట ఆగింది. ఆయన చెయ్యెత్తారు, "ఇదిగో, ఇప్పుడు!" అన్నట్టు. ఇంకో పాట మొదలైంది.

"సార్," అన్నాడు మరియదాసు నెమ్మదిగా. "ఎడిటింగులో అసలు శబ్దం తీసేస్తారండీ. మొత్తం తీసేసి, పైన పాట వేస్తారు. అందరి పెళ్ళిళ్ళకీ అంతే."

"గుర్రపుడెక్క కింద కాలువున్నట్టు, పాట కింద..."

"కింద ఏం లేదు సార్. గుర్రపుడెక్కే. కాలువ లేదు."

వెంకటకృష్ణారావు గారు లేవలేదు. చెవి అలాగే ఉంచి, తల మాత్రం తెర వైపు తిప్పారు. సరిగ్గా అప్పుడే తలంబ్రాల ఘట్టంలోంచి కెమెరా పక్కకు తిరిగింది. లైటు వెంకటప్పయ్య మొహం మీద పడింది. నోరు కదులుతోంది. బుగ్గలో కిళ్ళీ ఉబ్బు లేదు. పెదవుల మీద ఎరుపు లేదు. నలభై మూడు అంగుళాల తెర మీద అతని నాలుక కూడా తెల్లగా కనిపించింది.

అతని పక్కన, అతని భుజం మీద వాలిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేలా నవ్వుతూ ఒక ఆకుపచ్చ పట్టుచీర ఉంది.

మరియదాసు చెయ్యి దానంతటదే బొమ్మను ఆపేసింది. శబ్దం కూడా ఆగింది. బీరువా మీద డబ్బాలో గడియారం వినపడింది.

"ఎవరావిడ?" అన్నారు వెంకటకృష్ణారావు గారు. విచారణలో పద్ధతి కోసం అడిగినట్టున్నారు.

"నేనే," అన్నారు పద్మావతమ్మ గారు.

"ఎందుకు నవ్వుతున్నావు?"

"అదీ పెట్టెలో వినపడాలా మీకు? అన్నాడు కాబట్టి నవ్వాను. వాచీ మాటే. మీకు కబురు మోసినాయన ఒక్క ముక్క కూడా కలపలేదు, పాపం."

"అక్కా!" అన్నాడు వెంకటప్పయ్య.

"నువ్వూరుకో. కిళ్ళీయట! వక్క నవిల్తే నీకు తల తిరుగుద్దని ఊరందరికీ తెలుసు, ఈయనకి తప్ప."

"పన్నెండేళ్ళు!" అన్నారు వెంకటకృష్ణారావు గారు. "పన్నెండేళ్ళుగా ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరడిగారు? మీరు చచ్చిపోయినాయన్ని సాక్షి అన్నారు. వీడు కిళ్ళీని సాక్షి అన్నాడు. నేను రోజూ మీకన్నం పెడుతూనే ఉన్నాను."

వెంకటప్పయ్య చర్రుమని సోఫాలోంచి లేచాడు. చొక్కా వీపు తడిసి ఉంది. "రుజువైంది గదా. అన్నాను బావా. ఇదిగో," అని రెండు చేతులూ జోడించాడు. అతని మాటలో నవ్వు ఎంతుందో తేల్చడానికి ఊఫరు చాలదు.

నేరం ఒప్పుదల అయింది, దండం అయింది. కానీ వెంకటకృష్ణారావు గారి మొహంలో విజయం కనపడలేదు. ఆయనకు తన తీర్పులో రెండో భాగం గుర్తొచ్చింది: అన్నవాడూ నవ్వినవాడూ ఒకటే. నవ్వారని అనుమానం ఉన్నందుకే ముగ్గుర్ని వెలివేశారు. ఇప్పుడు అనుమానం కాదు, తెర మీద నిలువెత్తు రుజువు ఉంది. తీర్పు ప్రకారం ఈ క్షణం నుంచి ఆమెతోనూ మాటలు మానేయాలి. అప్పుడు పూటపూటకీ మాట మొయ్యడానికి మరియదాసును ఇంట్లోనే ఉంచుకోవాలి. మరియదాసు అప్పటికే సంచి సర్దుకుంటున్నాడు.

కాలువల శాఖలో ఎన్నో వివాదాలను ముప్పై ఏళ్ళు నానబెట్టిన అనుభవంతో ఆయన ఆలోచించారు. ఫ్యాను తిరిగింది. తెర మీద పద్మావతమ్మ గారు నవ్వుతూనే ఉన్నారు. అంతగా నవ్విన మొహం ఆయన ఆ తర్వాత ఇంట్లో చూసినట్టు గుర్తులేదు. జేబులోంచి మూడు టోపీలు తీసి చూసుకున్నారు, మళ్ళీ జేబులో వేసుకున్నారు.

"పద్మా," అన్నారు చివరికి. "కాస్త కాఫీ పెడతావా? వెంకటప్పయ్యక్కూడా."

అదే తీర్పు. దాన్ని ఎవరూ నమోదు చేయలేదు.

ఆదివారం తెల్లవారుజామున గుణదలలో కొత్త పొయ్యి మీద ఇత్తడి గిన్నెలో పాలు తూర్పు వైపు పొంగాయి. వెంకటకృష్ణారావు గారు కూడా వెళ్ళారు. గవర్నర్‌పేట నుంచి అక్కడికి ఆటోలో పావుగంట.